కళింగకి చదివి వినిపించని శాసనం

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు. మధ్యలో మ్యాప్ రెండుసార్లు అవసరం పడుతుంది. వీడియో కాకుండా ఇది చదువుతున్నవాళ్లు ఫోన్లో మ్యాప్ తెరిచి పెట్టుకోండి. పూండి స్టేషన్, అక్కడి నుంచి పైకి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం, ఇంకా పైకి బరంపురం, దాని పైన ఋషికుల్య నది. ఈ గీత మీదే ఈరోజు కథంతా.

టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. పూండి వైపు చర్చి వాళ్లు నడిపే ఒక హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు అడిగారు. "సివిక్స్ పీరియడ్లో బౌద్ధం నుంచి కొన్ని విషయాలు చెప్దామని ఉంది బాబూ. యాజమాన్యం క్రైస్తవులది, పిల్లల్లో ఎక్కువమంది హిందువులు. బుద్ధుడి పేరెత్తితే మతం చెప్పినట్టు అవుతుందా?" అని. అదే నెలలో ఒక శిశుమందిర్లో పనిచేసే ఆచార్యజీ ఇదే విషయం ఇంకోలా అన్నారు. "బుద్ధుడు మనవాడే కదా, చెప్పేస్తే ఏటవుతాది?" అని. ఒకాయనకి మరీ భయం, ఇంకొకాయనకి అసలు భయమే లేదు. ఇద్దరికీ కలిపి సమాధానం చెప్పాలంటే నేను చరిత్రలోకే వెళ్లాలి, ఎందుకంటే ఈ ప్రయోగం మన ఆంధ్రలో ఒకసారి జరిగిపోయింది. చేసినవాడు అశోకుడు. రాతి మీద రికార్డు ఉంది.

ముందే ఒక మాట. నేను బీటెక్ వాడిని, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి ఇటు వచ్చాను. బ్రాహ్మీ లిపి చదవడం నా వృత్తి కాదు. పండితులు చదివి అచ్చువేసిన పాఠాలు పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ ఏ లైను ఉంది, ఎక్కడ లేదు అని పోల్చడం మాత్రం నాకు అలవాటైన పని. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ పోల్చడం మీదే నిలబడింది.

మొదట మన జిల్లా వదిలి కర్నూలు జిల్లాకి వెళ్దాం. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి అనే ఊరు. ఊరి దగ్గర గుట్ట మీద పెద్ద పెద్ద బండలు. వాటి మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు రెండు చిన్న శాసనాలు ఉన్నాయి. చిన్న శాసనాల్లో మొదటిది రాజు తన గురించి చెప్పుకునేది. తను ఉపాసకుడినయ్యాననీ, సంఘానికి దగ్గరయ్యాననీ చెప్తాడు. అంటే ఆయన బౌద్ధుడు అనడంలో దాపరికం ఏమీ లేదు. రెండోదే మనకి కావలసింది. అది పైనుంచి కిందకి వెళ్లే ఆర్డరు. రజ్జుకులు అనే అధికారులకి చెప్పాలి, వాళ్లు భేరి వేయించి జనపదానికి చెప్పాలి. ఏం చెప్పాలి? తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం మాట్లాడాలి. అక్కడితో ఆగలేదు. ఏనుగులు నడిపేవాళ్లకి, లేఖకులకి, రథాల పని, గుర్రాల పని నేర్పే గురువులకి, బ్రాహ్మణులకి కూడా ఆజ్ఞ ఇవ్వమంటాడు: మీ దగ్గర ఉండి చదువుకునే అంతేవాసులకి ఇది నేర్పండి, శిష్యుడు ఆచార్యుణ్ణి గౌరవించాలి, బంధువులతో మర్యాదగా ఉండాలి.

ఇక్కడ ఆగండి. ఆ లిస్టు మళ్లీ చూడండి. మావటి, గుమాస్తా, రథం పని నేర్పే మేస్త్రి, వేదం చెప్పే బ్రాహ్మణుడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఐటీఐ, టైపు ఇన్‌స్టిట్యూట్, వేద పాఠశాల, మూడూ ఒకే సర్క్యులర్లో. రాజు బౌద్ధుడు, స్కూలు వైదికం, పాఠం పౌరధర్మం. మాస్టారు అడిగిన ప్రశ్నకి ఇంతకంటే దగ్గర ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు.

ఆ పాఠం కింద అశోకుడు ఎవరి పేరు వేశాడో చూడండి. బుద్ధుడి పేరు వేయలేదు. ఇది పురాతన పద్ధతి, పాత నుంచి వస్తున్న స్వభావం అన్నాడు. అంటే మీ పాత పద్ధతి ప్రకారమే మీరు చెప్పుకోండి అని. నాలుగు ఆర్యసత్యాలు లేవు, నిర్వాణం లేదు, త్రిశరణాలు లేవు. ఇదే రాజు రాజస్థాన్ బైరాట్ దగ్గర దొరికిన ఇంకో శాసనంలో సంఘానికి రాసినప్పుడు మాత్రం బుద్ధుడి మాటలన్నీ సుభాషితాలే అని మొదలుపెట్టి, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు ఏడు ధర్మగ్రంథాలు తరచుగా వినాలని పేర్లతో సహా చెప్పాడు. అంటే ఎవరికి ఏ పాఠం అనేది ఆయనకి స్పష్టంగా తెలుసు. సంఘానికి సిద్ధాంతం, మిగతా అందరికీ నడవడిక. రెండూ కలపలేదు. మాస్టారి భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది. శిశుమందిర్ ఆచార్యజీకి కూడా ఇదే జవాబు, కాకపోతే ఇంకో వైపు నుంచి. బుద్ధుడు మనవాడా, పరాయివాడా అన్న చర్చ లేకుండానే ఆ పాఠం నడిచింది.

సరే, ఇప్పుడు మన వైపు రండి. మ్యాప్‌లో బరంపురం దాటి ఋషికుల్య ఒడ్డుకి. అక్కడ జౌగడ. ఇప్పుడది ఒడిశా గంజాం జిల్లా. కానీ 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా మన టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ గంజాం జిల్లాలోవే. అంటే మన ముత్తాతలకి జౌగడ సొంత జిల్లాలో ఊరు. వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1850లో ఆ రాతి మీద రాతని నకలు తీశాడు. ఇప్పుడు చాలా అక్షరాలు అరిగిపోయాయి.

జౌగడ శాసనం సమాపా అనే నగరంలోని మహామాత్రులకి రాసింది. భువనేశ్వర్ దగ్గర ధౌలిలో ఉన్నది తోసలి మహామాత్రులకి. రెండిట్లో విషయం దాదాపు ఒకటే. ఇవి పద్నాలుగు శాసనాల వరసలోవి కావు. కళింగ కోసం ప్రత్యేకంగా రాసిన రెండు. పండితులు ప్రత్యేక కళింగ శాసనాలు అనే పిలుస్తారు.

మొదటిది చదువుతుంటే నాకు ఎవరో తహసీల్దార్లకి ట్రైనింగ్ ఇస్తున్నట్టు అనిపించింది. మనుషులందరూ నా బిడ్డలు, నా బిడ్డలకి ఏ మేలు కోరతానో అందరికీ అదే కోరతాను అంటాడు. మీలో కొందరికి ఇది అర్థమైంది, అర్థమైనవాళ్లకి కూడా సగమే అర్థమైంది అంటాడు. తర్వాత అసలు సంగతికి వస్తాడు. ఒక్కోసారి ఒక మనిషి కారణం లేకుండా జైలుపాలవుతాడు, లేదా హింసకి గురవుతాడు, దానివల్ల ఇంకా చాలామంది బాధపడతారు. మీరు నిష్పక్షపాతంగా ఉండాలి. కొన్ని గుణాలు ఉంటే అలా ఉండటం కుదరదు. ఆ గుణాలు ఏడు చెప్పాడు: అసూయ, ముక్కుమీద కోపం, కఠినత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట.

ఈ ఏడో దాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అలసట. పని ఎక్కువైన గుమాస్తా, లైన్లో నిలబడ్డ ముసలమ్మ మీద విసుక్కుంటాడు చూడండి, అది. రెండువేల రెండొందల ఏళ్ల కిందటి ప్రభుత్వం తన ఉద్యోగి అలసట వల్ల కూడా పౌరుడికి అన్యాయం జరుగుతుందని గుర్తించి రాతిలో చెక్కించింది. పంచశీల చార్టు గోడకి అంటించడం కంటే ఈ ఏడు మాటలు బోర్డు మీద రాయడం వంద రెట్లు మేలని నా అభిప్రాయం. మీరు తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ ఏడూ ఇచ్చి, మీ ఇంట్లోవాళ్లు రేషన్ కార్డుకో, పట్టాదారు పాస్‌బుక్కుకో, ఆస్పత్రికో తిరిగినప్పుడు ఇందులో ఏది చూశారో చెప్పమనండి. మన ఉద్దానంలో ప్రతి పిల్లకీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. కిడ్నీ జబ్బున్న తాతని డయాలసిస్‌కి తీసుకెళ్లిన ఇల్లు లేని ఊరు ఎక్కడుంది ఇక్కడ?

ఇంకో సంగతి, టైంటేబుల్. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం ఉన్న రోజున చదివి వినిపించాలి. తిష్య అంటే మన పుష్యమి. మధ్యలో కూడా వీలైనప్పుడు వినిపించాలి, ఒక్కడే ఉన్నా వినిపించాలి. ప్రతి అయిదేళ్లకీ కరకుగా ఉండని ఒక అధికారిని తనిఖీకి పంపుతాను, ఉజ్జయిని, తక్షశిల నుంచి అయితే మూడేళ్లకోసారి పంపుతారు అంటాడు. సిలబస్, క్లాసు రోజు, ఇన్‌స్పెక్షన్, అన్నీ ఉన్నాయి. ఒక్క తేడా ఏమిటంటే ఇక్కడ విద్యార్థి పౌరుడు కాదు, ఆఫీసరు. పాఠం ముందు అధికారం ఉన్నవాడికి చెప్పాలని. మన సివిక్స్ పుస్తకాలు దీన్ని తిరగేశాయి. పిల్లాడికి బాధ్యతలు బట్టీ పట్టిస్తాం, ఎమ్మార్వోకి ఎవరూ ఏమీ చదివి వినిపించరు.

ఇంతవరకూ అశోకుణ్ణి పొగిడాను. ఇప్పుడు నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం.

పద్నాలుగు శిలాశాసనాలు గిర్నార్, కాల్సీ, షాబాజ్‌గఢీ, మన్సెహ్రా, ఎర్రగుడి లాంటి చోట్ల వరసగా ఉంటాయి. అక్షరాలు, యాస మారతాయి కానీ అదే వరస. నేను ఎక్సెల్ షీటు వేశాను. అడ్డంగా ఊళ్లు, నిలువుగా ఒకటి నుంచి పద్నాలుగు. ధౌలి, జౌగడ కాలమ్స్‌లో మూడు గళ్లు ఖాళీ. పదకొండు, పన్నెండు, పదమూడు. కళింగలో ఉన్న రెండు చోట్లా అవే మూడు లేవు. రాయి పగిలిపోయి పోయినవి కావు, అసలు చెక్కలేదు. వాటికి బదులుగానే ఆ రెండు ప్రత్యేక శాసనాలు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, దేశమంతా ఒకే వెర్షన్ రిలీజ్ చేసి, ఒక్క రీజియన్‌కి మాత్రం మూడు ఫీచర్లు ఆఫ్ చేసి పంపారు. అలా జరిగిందంటే ఎవరో కూర్చుని నిర్ణయం తీసుకున్నట్టే.

ఆ మూడిట్లో పదమూడోది ఏమిటి? కళింగ యుద్ధం గురించి రాజు పశ్చాత్తాపం. అభిషేకం అయిన ఎనిమిదేళ్లకి కళింగని జయించాను, లక్షా యాభైవేల మందిని పట్టుకుపోయారు, లక్ష మంది చనిపోయారు, దానికి ఎన్నో రెట్లు మంది తర్వాత పోయారు. దేవానాంప్రియుడికి దాని గురించి బాధగా ఉంది. అంతకంటే ఎక్కువ బాధ ఏమిటంటే అక్కడ ఉండే బ్రాహ్మణులు, శ్రమణులు, గృహస్థులు, పెద్దల్ని గౌరవిస్తూ స్నేహితులతో, నౌకర్లతో మంచిగా ఉన్నవాళ్లు, వాళ్లకి దెబ్బలు, చావులు, అయినవాళ్ల నుంచి విడిపోవడం. తాము తప్పించుకున్నవాళ్లు కూడా తమవాళ్ల కష్టం చూసి బాధపడ్డారు. ఆ పోయినవాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు ఇప్పుడు పోయినా బరువుగానే తోస్తుంది అంటాడు.

ప్రపంచంలో గెలిచిన రాజు ఇలాంటి మాట రాతిలో చెక్కించడం అరుదు, అందుకే మన సోషల్ పుస్తకాల్లో అందరూ చదువుకున్నాం. కానీ ఆ పుస్తకం చెప్పని విషయం ఇది. ఈ మాట ఇప్పటి పాకిస్తాన్లో షాబాజ్‌గఢీ వాళ్లకి తెలుసు. గుజరాత్ వాళ్లకి తెలుసు. కర్నూలు వైపు వాళ్లకి తెలుసు. ఎవరి ఇల్లు కాలిందో ఆ కళింగ వాళ్లకి మాత్రం చెప్పలేదు. మన తీరానికి వచ్చిన శాసనంలో రాజు తండ్రిలా మాట్లాడతాడు, అధికారులకి క్లాసు తీసుకుంటాడు, సరిహద్దుల్లో ఉన్నవాళ్లు నన్ను చూసి భయపడొద్దు అంటాడు. ఎందుకు భయపడతారో మాత్రం చెప్పడు.

ఎందుకు తీసేశారు? చరిత్రకారులు ఎక్కువమంది చెప్పే కారణం తేలిగ్గా ఊహించగలిగేదే. ఓడిన జనానికి వాళ్ల శవాల లెక్క చదివి వినిపిస్తే గాయం కెలికినట్టు అవుతుందని, పరిపాలన కష్టమవుతుందని. కావచ్చు. నాకు అది న్యాయం అనిపించదు. క్షమాపణ అనేది దెబ్బ తిన్నవాడి ముందు చెప్పాలి. పక్క ఊళ్లో చెప్తే అది పరువు కోసం.

లేని వాటిల్లో పన్నెండోది కూడా మనకి ముఖ్యం. ఈ టాపిక్‌కి గుండెకాయ లాంటిది అదే. అన్ని మతాలవాళ్లకీ సారవృద్ధి జరగాలి, దానికి మూలం మాట మీద అదుపు అంటుంది. సందర్భం లేకుండా తన మతాన్ని పొగుడుకోవడం, ఎదుటి మతాన్ని తిట్టడం వద్దు. తన మతం మీద భక్తితో ఎదుటివాళ్ల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ చేటు చేస్తాడు. ఒకరి ధర్మం ఒకరు వినాలి, కలిసి ఉండటమే మేలు. చర్చి స్కూలైనా, శిశుమందిరైనా, మదర్సా అయినా సివిక్స్ పీరియడ్లో ఇంతకంటే పనికొచ్చే పేజీ నేను చూడలేదు. అదీ కళింగలో పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో పదమూడోదానికి చెప్పినంత సులువుగా చెప్పలేం.

కాబట్టి మాస్టారూ, మీ స్కూల్లో బౌద్ధ సూత్రాలు పెడదామంటే నేను మొదట ఇచ్చేది ఈ రెండు పేజీలే. మన ఊరికి రానివి రెండూ.

ఇప్పుడు చట్టం సంగతి, త్వరగా. రాజ్యాంగం 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్లో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ఎయిడ్ తీసుకునే స్కూళ్లలో మతబోధ ఉంటే, ఇష్టం లేని పిల్లాణ్ణి కూర్చోబెట్టకూడదు. మైనరు కాబట్టి తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. మీలో మిషన్ స్కూళ్లలో చదివినవాళ్లకి తెలుసు, వాళ్ల పిల్లలు క్యాటకిజంకి వెళ్తే మిగతావాళ్లం మోరల్ సైన్స్‌కి వెళ్లేవాళ్లం. ఆ విడదీయడం వెనక ఉన్నది ఇదే. అయితే మతబోధ వేరు, మతాల గురించి చదవడం వేరు. 2002 సెప్టెంబర్లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక మీద వచ్చిన కేసు అది. మతాల గురించి చదివించడం 28కి విరుద్ధం కాదంది. అంతకుముందే 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, డిగ్రీ మొదటి ఏడాదిలో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, సోక్రటీసు, ఏసు, మహమ్మద్, కబీరు, నానక్ లాంటివాళ్ల జీవితాలు చెప్పాలని సిఫారసు చేసింది. ఈ రాధాకృష్ణన్ మన ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్. అయినా ఆ సిఫారసు కాగితం మీదే ఉండిపోయింది.

చట్టం ఒప్పుకుంటుంది కదా అని దూకేయకండి. బౌద్ధం అనగానే అహింస, శాంతి, ఇంకేం ప్రమాదం అనుకుంటాం. శ్రీలంక చూడండి. అక్కడ స్కూళ్లలో మతం తప్పనిసరి సబ్జెక్టు, ఎవరి మతం వాళ్లు చదువుతారు. 1972 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది. ఒకరి ధర్మం ఒకరు వినండి అన్న పన్నెండో శాసనం ఆ టైంటేబుల్లో ఎక్కడ పడుతుంది? పిల్లలు నాలుగు గదుల్లోకి విడిపోయాక? తర్వాత దశాబ్దాల్లో సింహళులకీ తమిళులకీ మధ్య జరిగిన యుద్ధానికి స్కూలు ఒక్కటే కారణం అని నేను అనను. కానీ బౌద్ధం ఉంటే చాలు, పౌరులు మంచివాళ్లవుతారు అనుకునేవాళ్లకి అది మందు. ప్రభుత్వం ఏ మతాన్ని ఎత్తి పట్టుకున్నా ఆ మతం కొంచెం ప్రభుత్వంలా మారిపోతుంది.

అందుకే నేను సిద్ధాంతం కంటే పద్ధతి తీసుకోమంటాను. పద్ధతి అంటే ఏమిటో చెప్పడానికి మన శాలిహుండం చాలు. వంశధార దక్షిణపు ఒడ్డున, సముద్రానికి దగ్గరలో, గార మండలంలో ఉంది. ఆ కొండ మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులు. అవును, ఆ గిడుగే. వాడుక భాషలో పాఠాలు ఉండాలని పోరాడినాయన, సవరల కోసం సవర భాషలో పుస్తకాలు రాసినాయన. జనం మాట్లాడే భాషలో చెప్తేనే చదువు అన్నది అశోకుడి ప్రాకృతం నుంచి గిడుగు దాకా ఈ తీరంలో ఒక వరసగా కనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ, పరీక్షల్లో రాయకండి. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వారు, 1940ల్లో, 50ల్లో మళ్లీ తవ్వారు. స్తూపాలు, చైత్యాలు, విహారం, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. శతాబ్దాలపాటు భిక్షువులు ఉన్న చోటు.

భిక్షువులు కలిసి ఉన్నారంటే గొడవలు కూడా ఉంటాయి. వినయపిటకంలో దానికి రూలు ఉంది. మాటలతో తేలకపోతే ఓటింగు. శలాకలు, అంటే చిన్న పుల్లలు, పంచుతారు. రహస్యంగా, చెవిలో చెప్పి, బహిరంగంగా అని మూడు పద్ధతులు. ఆ పుల్లలు పంచి లెక్కపెట్టే భిక్షువుని సంఘం ఎన్నుకోవాలి. అతనికి ఉండాల్సిన అర్హతలు ఏమిటంటే ఇష్టం వల్ల గానీ, ద్వేషం వల్ల గానీ, మోహం వల్ల గానీ, భయం వల్ల గానీ దారి తప్పకూడదు. ఏది తీసుకున్నారో, ఏది తీసుకోలేదో తెలిసి ఉండాలి. పోలింగ్ ఆఫీసరు హ్యాండ్‌బుక్కులో మొదటి పేజీ ఇదే ఉండాలి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గుర్తు చేసింది ఈ సంగతే. ప్రజాస్వామ్యం ఇండియాకి కొత్త కాదని, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్క, రహస్య ఓటు, ఇవన్నీ భిక్షు సంఘాలకి తెలుసని చెప్పారు. క్లాసు లీడర్ ఎన్నిక ఎలాగూ పెడతారు కదా, ఒక్కసారి పుల్లలతో పెట్టండి. ఎవరు లెక్కపెట్టాలో పిల్లల్నే తేల్చమనండి, ఆ అయిదు అర్హతలతో. మతం ఎక్కడ వచ్చింది ఇందులో? ఏ చర్చి ఫాదరూ, ఏ ఆచార్యజీ కాదనరు.

సరే, మళ్లీ పదమూడో శాసనానికి వస్తాను. దాని సంగతి వచ్చేసరికి స్కూళ్లు కొంచెం ఇబ్బంది పడతాయి, అక్కడే దాని విలువ.

మన వైపు ప్రభుత్వం కాల్పుల చరిత్ర ఉంది. 1940లో మందస జమీందారీలో, గుడారి రాజమణిపురంలో, వంటచెరుకు కొట్టిన రైతుల్ని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసుల్ని అడ్డుకుని గున్నమ్మ కాల్పుల్లో చనిపోయింది, గర్భిణి. అంతకు కొద్దిరోజుల ముందే, ఆ మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది రాహుల్ సాంకృత్యాయన్‌ని. ఆయన శ్రీలంకలో విద్యాలంకార పిరివేణలో, అంటే భిక్షువుల బడిలో, పాలి త్రిపిటకం చదివి 1930లో భిక్షువై, తర్వాత కాషాయం వదిలి రైతు ఉద్యమంలోకి వచ్చినాయన. సభ నాటికి ఆయన్ని జైల్లో పెట్టారు. మన పలాస పేరు బౌద్ధ పండితుడి పేరు పక్కన ఇలా కూడా ఉందని చాలామందికి తెలీదు. సరే, ఆ తర్వాత 2010 జులై 14, సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటుకి వ్యతిరేకంగా నిలబడ్డవాళ్ల మీద కాల్పులు, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. ఒక్కరోజు ఆగి ఉంటే? అశోకుడి ఏడింట్లో నాలుగోది గుర్తు చేసుకోండి, తొందరపాటు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ.

సివిక్స్ పుస్తకంలో ఇవి ఉండవు. ఉండేది పౌరుల బాధ్యతలు, 51ఏ అధికరణం, సోదరభావం పెంచాలి, ప్రజా ఆస్తిని కాపాడాలి. అన్నీ అవసరమే, నేను కాదనను. కానీ అది జౌగడ వెర్షన్. బాధ్యత ఉంది, నీతి ఉంది, ప్రభుత్వం మా వల్ల తప్పు జరిగింది అన్న పేజీ లేదు. మత పాఠశాలలకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, అది వాళ్లే గమనించరు. ఒప్పుకోలు, పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం, తౌబా, ఈ మాటలు వాళ్ల పిల్లలకి ఇంట్లో, గుళ్లో, చర్చిలో, మసీదులో ముందే తెలుసు. మనిషికి వర్తించే ఆ మాట రాజ్యానికి కూడా వర్తిస్తుందా అని అడగడానికి పదమూడో శాసనం కంటే మంచి సాకు దొరకదు. భిక్షువులకైతే పక్షానికోసారి ఉపోసథం నాడు తప్పు ఒప్పుకోవడం నియమమే.

ఒకాయన నాతో వాదించాడు, అశోకుణ్ణి మరీ ఎత్తుతున్నావని. వాదన సబబే, పూర్తిగా వినండి. అదే పదమూడో శాసనంలో అడవి జనానికి హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడుతున్నా దేవానాంప్రియుడికి శక్తి ఉంది, మీరు మారకపోతే చంపాల్సి వస్తుంది అన్న అర్థంలో. పట్టుకుపోయిన లక్షా యాభైవేల మందిని తిరిగి పంపినట్టు ఎక్కడా లేదు. కళింగకి స్వాతంత్ర్యం ఇచ్చినట్టూ లేదు. మహేంద్రగిరి చుట్టూ ఉన్న సవర పిల్లలు కూర్చున్న క్లాసులో ఆ అడవి వాక్యం దాటేసి మిగతాది చదివితే, అశోకుడు కళింగకి చేసిందే మీరు వాళ్లకి చేసినట్టు. కాబట్టి మొత్తం చదవండి. బాధపడ్డ రాజు, బెదిరించిన రాజు ఒకడే అని పిల్లలు పట్టుకోగలరు. పదమూడేళ్ల పిల్లలు ఇంట్లో ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తూనే ఉంటారు.

మాస్టారు ఫోన్ చేశారు, స్క్రిప్టు పంపాక. రెండు పీరియడ్లు ఇస్తానన్నారు, హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఒప్పుకున్నారట. ఆవిడ ఒకే ఒక షరతు పెట్టారు. బుద్ధుడి బొమ్మ పెడితే ఏసు బొమ్మ, ఇంకో బొమ్మ అంటూ మొదలవుతుంది, కాబట్టి ఏ బొమ్మా వద్దు, అక్షరాలే పెట్టండి అన్నారట. నాకు నచ్చింది. శాసనాల కాలంలో బుద్ధుడికి విగ్రహాలు లేవు కూడా.

జౌగడ వెళ్లాలనుకునేవాళ్లకి: పలాసలో బరంపురం రైలు ఎక్కండి, అక్కడి నుంచి పురుషోత్తంపూర్ వైపు బస్సు, చివర ఆటో. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. మధ్యాహ్నం ఎండలో రాయి మీద అక్షరాలు కనబడవు, పొద్దున ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడే చూడండి. పదమూడో శాసనం తెలుగు అర్థం ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అక్కడ దొరకదు.